మామ పూడ్చిన గండి

మొన్న మా మండలంలో ఒక సభకు పిలిచారు. గల్ఫ్‌కు పోయివచ్చిన తొలి తరం వాళ్ళకు శాలువాలు కప్పుతారట. కప్పారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక చదువుకున్నాయన మైకు అందుకొని, "మనిషి జాడ లేని ఎడారిలో, చెట్టూ చేమా ఎరుగని ఇసుకలో మనవాళ్ళు యవ్వనం కరిగించుకున్నారు" అని ఎత్తుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కూర్చున్నచోటి నుంచే, "సారూ, మీరు ఎన్నడన్న పోయిండ్రా?" అని అడిగాను. పోలేదట. చదివాడట. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. బీడీ కట్టల మీది లేబుళ్ళు చూసి తెలుగు అక్షరాలు, సిమెంటు బస్తాలు చూసి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అయినా నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. మనిషి జాడ లేదంటే ఎట్లా ఊరుకుంటాను? అక్కడ ఊళ్ళున్నాయి. ఊళ్ళలో తోటలున్నాయి. తోటలకు నీళ్ళు, నీళ్ళకు తగాదాలు, తగాదాలకు తీర్పులు, అన్నీ ఉన్నాయి. వదిన మీద అలిగిన మరుదులున్నారు. ఇసుక ఒక్కటే చూసి వచ్చామంటే మమ్మల్ని గుడ్డివాళ్ళ కింద జమకట్టినట్టు కాదా?

అందుకే రాస్తున్నాను. ఆ సారు చదివితే చదవనీ, లేకుంటే లేదు.

డెబ్భైల చివరి మాట. ఒమాన్‌లో ఇబ్రి నుంచి బురైమి వైపు మా కంపెనీ రోడ్డు వేస్తున్నది. అంతకుముందు అక్కడ రోడ్డనేది లేదు. కంకర మైదానం మీద బండ్ల చక్రాలు పడ్డ జాడే దారి. వానొచ్చి వాగు పారితే ఆ జాడ కూడా కొట్టుకుపోయేది. ఇబ్రిలో పెద్ద కోట, దాని పక్కన సంత. మేకల బేరాలు, ఖర్జూరం బుట్టలు, వెండి పిడుల కత్తులు, గుడ్డల దుకాణాలు. రేషను బండి మీద ఉల్లిగడ్డకూ మిరపకాయకూ నన్నే పంపేవాళ్ళు కాబట్టి ఆ సంత నాకు బాగా తెలుసు. నాలుగు అరబ్బీ ముక్కలు అబ్బింది కూడా అక్కడే. వింటే అర్థమయ్యేది, పలకడమే తడబాటు. బురైమి సరిహద్దు ఊరు. అక్కడ దొరకని సామాను ఉండదని ఇబ్రి వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఈ రెండు ఊళ్ళ నడుమ, కొండల కింద, ఒక చిన్న పల్లె. కొన్ని మట్టి ఇళ్ళు, ఒక చిన్న మసీదు, ఇళ్ళ దిగువన ఖర్జూరపు తోటలు. దూరం నుంచి చూస్తే బూడిద రంగు నేల మీద ఎవరో పచ్చ తువ్వాలు ఆరేసి మరిచిపోయినట్టు ఉండేది. ఆ పల్లె వాళ్ళకు ఇబ్రి పోవాలంటే గాడిద మీద ఒక రోజు. బురైమి చూసినవాళ్ళు వాళ్ళలో కొద్దిమందే. మా క్యాంపు డేరాలు ఆ పల్లెకు కేక వినిపించేంత దూరంలో వేశారు.

పల్లెకు ప్రాణం ఫలజ్. కొండ కింద ఊటను పట్టి, నేల లోపల సొరంగం తవ్వి, వాలు తప్పకుండా ఊరిదాకా తెచ్చిన కాలువను వాళ్ళు అట్లా అంటారు. ఎవరు తవ్వారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. సొరంగం నుంచి నీళ్ళు బయటపడ్డ చోట తాగడానికి పట్టుకోవాలి. దాని కింద ఊరివాళ్ళ స్నానాలు. ఆ తర్వాతే తోటలు. తోటలకు వంతులు. ఊరి నడుమ ఖాళీ జాగాలో ఒక కొయ్య పాతి, దాని చుట్టూ రాళ్ళు పెట్టారు. కొయ్య నీడ ఏ రాయి దాటితే ఎవరి వంతు ముగిసినట్టో పిల్లలకు కూడా తెలుసు. రాత్రయితే చుక్కలు చూసి చెప్పేవాళ్ళు. ఈ వంతులన్నీ నడిపే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. తెల్ల గడ్డం, చేతిలో సన్నటి బెత్తం. మా వైపు చెరువు నీళ్ళు పంచేవాణ్ణి నీరటి అంటాం కాబట్టి మాలో మేము ఆయన్నీ నీరటి అనే పిలుచుకున్నాం. మా క్యాంపు వాళ్ళం తాగడానికీ స్నానాలకూ కలిపి, తాగే నీళ్ళ చోట రోజూ లెక్క ప్రకారం డ్రమ్ములు నింపుకోవచ్చని చెప్పింది ఆయనే. అడిగిన వెంటనే గుండె మీద చెయ్యి పెట్టుకొని తల ఊపాడు. అంతే, మరి దాని మీద ఇంకో మాట లేదు.

ఇక మా మామ. మా అమ్మకు వరుసకు తమ్ముడు. నేను అక్కడ కుదురుకున్నాక వెనక వచ్చాడు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచి నీరటి పనే. మా ఊరి చెరువు తూము ఎత్తాలన్నా దించాలన్నా, కట్టకు గండి పడితే ముందు ఉరకాలన్నా ఆ ఇంటి మగవాళ్ళే. వానలు వెనకబట్టి చెరువు ఎండింది, ఆయన సొంత బావి కూడా అడుగంటింది. బావిని ఇంకా లోతుకు దింపి ఒక మోటారు పెట్టుకోవాలి. ఆ ఒక్క కోరికతో ఆయన విమానం ఎక్కాడు. డేరాలో మిగతావాళ్ళు టేప్‌రికార్డర్లు, వాచీలు అంటుంటే మామ మాత్రం తన బావిలో అడ్డం పడ్డ బండ గురించే మాట్లాడేవాడు. సైట్‌లో ఆయన పని రోలరు ముందు కంకర సర్దడం. డ్యూటీ దిగాక పోయి ఫలజ్ గట్టున కూర్చునేవాడు.

"ఏం చూస్తున్నవ్ మామా?"

"నీళ్లు పారుతుంటె సూడబుద్దైతదిరా అల్లుడా. సప్పుడు సూడు, పసిపోరడు నిద్రల నవ్వినట్టు."

ఒక శుక్రవారం. డ్యూటీ లేదు. తెల్లవారుతుండగా మామ చెంబు పట్టుకొని బయటికి పోయాడు. పోయినవాడు ఎంతకూ రాలేదు. టీ మరిగేవేళకు వచ్చాడు. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉంది. మోచేతుల దాకా బురద. మొహం మాత్రం వెలిగిపోతున్నది.

"ఏమైంది మామా, జారిపడ్డవా?"

"పడుడేందిరా! గండి పూడ్చి వస్తున్న. తోటలకాడ కాలువ ఒడ్డు తెగి నీళ్లన్ని పక్కకు పోతున్నయ్. ఒక్క మనిషి లేడు. అందరు నమాజుల ఉన్నట్టున్నరు. పక్కనే బండ ఉంటె అడ్డం పెట్టి, మట్టలు కుక్కి, మట్టేసి తొక్కిన. ఇగ సుక్క కారదు."

"నీరటి బిడ్డవనిపించినవ్ పో!" అని టీ కాస్తున్నవాడు మామకే మొదటి గ్లాసు ఇచ్చాడు. అందరం మెచ్చుకున్నాం. మాలో ఎవరు ఆ దారిన పోయినా అదే చేసేవాళ్ళం. నీళ్ళు గట్టు తెంచుకొని పోతుంటే చూసి దాటిపోయే కాళ్ళు కావు మావి. ఎవరి పొలమని కూడా అడగం. ముందు పూడుస్తాం, తర్వాత అడుగుతాం.

పొద్దు కొంచెం పైకి వచ్చాక, మామా నేనూ డ్రమ్ము నింపడానికి పోయేసరికి పల్లెలో కేకలు. నీడ కొయ్య దగ్గర ఊరంతా పోగయింది. నడుమ ఒక ముసలావిడ. మొగుడు పోయిన మనిషి. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్ళం. గట్టి మనిషి. నోరు ఇంకా గట్టిది. ఆమె ఎదుట ఆమె మరిది, అంటే చనిపోయిన మొగుడి తమ్ముడు. వీళ్ళిద్దరి తోటలూ ఒకదాని కింద ఒకటి. మరిదిది కాలువ కొసన, పైన ఎవరూ మలుపుకోని నీళ్ళు దాంట్లోకే దిగుతాయి. నడుమ గోడ. ఆ గోడ ఎవరిదన్న దాని మీద ఏళ్ళ తరబడి మాటల్లేవని నాకు ముందే తెలుసు.

"నీ అన్న పోయిన దగ్గర్నుంచి నా గోడ మీద కన్నేశావు. ఇప్పుడు నా నీళ్ళ మీద పడ్డావా?" అంటున్నది అవ్వ.

"నీ నీళ్ళు నాకెందుకు? నా తోటలో నీళ్ళు ఎక్కువై ఉల్లిమడి ఊబి అయింది. వచ్చి చూడు!" అన్నాడు మరిది.

"విన్నారా? తన నోటితోనే ఒప్పుకున్నాడు!"

మామ నా చెయ్యి గిల్లాడు. "ఏమంటున్నదిరా అవ్వ?"

"ఆమె నీళ్లు ఎవరో మూసిండ్రట మామా. పొద్దుగాల ఆమె వంతట. బండ తీసి, నీళ్లు మలుపుకొని, మేకల పాలు పిండ పోయిందట. వచ్చేసరికి మడి ఎండి ఉందట. నీళ్లన్ని కింద మరిది తోటకు పోయినయట. ఆయనే మూసిండంటున్నది."

అప్పటికి నాకూ అర్థం కాలేదు, నోటితో చెబుతున్న కొద్దీ అర్థమైంది. ఆ ఊళ్ళో కాలువ గట్టుకు తెగినట్టు కనిపించేది గండి కాదు, వాకిలి. వంతు వచ్చినవాళ్ళు అడ్డుబండ తీసి పక్కన పెట్టి నీళ్ళు తిప్పుకుంటారు, వంతు దాటగానే మూసుకుంటారు. అక్కడ కాపలా ఉండరు. ఒకరి వాకిలి ఇంకొకరు ముట్టుకోరు కాబట్టి కాపలాతో పని లేదు. మా దగ్గర నీళ్ళ పక్కన మనిషి లేడంటే గండి పడ్డట్టే లెక్క.

"ఏ తోటరా ఆమెది?" అన్నాడు మామ. గొంతు మారింది. చూపించాను. ఎండలు ముదరక ముందే అవ్వ తన తోటలో కొత్త ఖర్జూరపు పిలకలు నాటుకున్నది. పాత చెట్లు తట్టుకుంటాయి. వేరు పట్టని పిలకలు వంతు తప్పితే మళ్ళీ వంతు వచ్చేదాకా ఆగవు. ఆమె అరుపంతా వాటి కోసమే. మామ చేతిలోని డబ్బా మెల్లగా కింద పెట్టాడు.

అక్కడ ఒకడు కర్ర ఎత్తాడు. ఇంకొకడు పట్టుకున్నాడు. మా నీరటి బెత్తం పైకెత్తి, మధ్యాహ్నం నమాజు తర్వాత కూర్చుని మాట్లాడదామని అందరినీ కసిరి పంపాడు.

క్యాంపుకు రాగానే మామ నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి పోయాడు. ఫోర్‌మన్ పంజాబీ. ఎత్తుగా, రోడ్డు రోలరు లాగే నింపాదిగా ఉండేవాడు. మామ వచ్చీరాని హిందీలో జరిగింది చెప్పాడు. ఆయన బూట్ల లేసు కట్టుకుంటూనే విన్నాడు.

"చుప్ రహో. తుమ్‌నే కుఛ్ నహీ కియా. సమ్‌ఝే?"

"సాబ్, ఉస్‌కా మరిది..." అని మామ ఆగాడు. మరిది అన్నదానికి హిందీ ఆయనకు తెలియదు. "ఓ ఆద్మీ చోర్ నహీ, సాబ్."

"ఓ లోగ్ ఆపస్ మే దేఖ్ లేంగే. ముహ్ ఖోలా తో అగ్లీ గాడీ సే మస్కట్. ఉధర్ సే సీధా ఘర్."

మామ ఏమీ చేయనట్టే ఉండాలట, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారట, నోరు విప్పితే వచ్చే బండికే మస్కట్, అక్కడి నుంచి నేరుగా ఇంటికట. ఆయన భయం ఆయనది, ఒప్పుకుంటాను. పల్లె వాళ్ళకు కోపం వస్తే డ్రమ్ములకు నీళ్ళు ఇవ్వరు. నీళ్ళు లేకుంటే క్యాంపు నడవదు. కంపెనీ ఆయన్ని అడుగుతుంది. అందుకని పక్క ఊళ్ళో రెండు ఇళ్ళు కొట్టుకు చచ్చినా సరే, మనం నోరు మూసుకోవాలట! రోడ్డు వేసేది ఎవరి కోసం? ఆ ఊరి కోసం కాదా?

డేరాలో మావాళ్ళు కూడా ఆ పాటే పాడారు.

"కాకా, నీకేం పట్టింది? వాళ్లు వదినా మరుదులు. ఇయ్యాల కొట్టుకుంటరు, రేపు కలుస్తరు."

"నువ్వు చెప్పినంక గా అవ్వ నిన్ను వదుల్తదా? జుట్టు పట్టుకొని కొడ్తది."

"బావి సంగతి ఏంది మామా?" అన్నాను నేను. ఆయన్ని ఆపేది అదొక్కటే అనుకున్నాను.

మామ చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళలో ఆ బురద ఇంకా పోలేదు. "అల్లుడా, మా నాయిన ఇరవై ఇండ్ల తగాదాల నడుమ తూము నడిపిండు. ఒకల నీళ్లు ఒకలకు మలిపిండని ఎన్నడన్న విన్నవా? నేను మలిపిన. తెల్వక మలిపిన, నిజమే. తెలిసినంక గమ్మున ఉంటె అది తెల్వక చేసినట్టు కాదు గద. నడువు, నాకు వాళ్ల మాట రాదు."

ఊరి మగవాళ్ళు కూర్చునే గది ఒకటి ఉంది, సబ్లా అంటారు. చాపలు, గోడలకు ఆనుకోవడానికి దిండ్లు. మేం చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడ్డాం. తగాదా మొదలు కావడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. అయినా మమ్మల్ని చూసి లేచారు. మా నీరటి తన పక్కన చోటు చూపించాడు. ఖర్జూరాలు వచ్చాయి. చిన్న గిన్నెల్లో కాఫీ వచ్చింది. వచ్చినవాడు కాఫీ తాగి చాలనేదాకా ఏం పని మీద వచ్చావని అడగడం వాళ్ళ మర్యాద కాదు. ఇది నాకు తెలుసు. చాలనడం ఎట్లాగో మాత్రం తెలియదు.

మామ గటగటా తాగి గిన్నె ఇచ్చాడు. మళ్ళీ నింపారు. మళ్ళీ తాగి ఇచ్చాడు. మళ్ళీ నింపారు.

"ఇంకెన్ని తాగాలెరా? నోరంత చేదు విషమైంది," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"నాకేం తెల్సు మామా, వాళ్లు ఆపుతలేరు."

"నేను చెప్పచ్చిన మాట కడుపుల కాఫీల మునిగిపోయేటట్టుంది."

ఎదురు గోడకు ఆనుకొని కూర్చున్న మరిది ఇదంతా చూస్తున్నాడు. దొంగతనం అంటగట్టినందుకు మొహం మాడ్చుకొని ఉన్నవాడు కూడా ఇక ఉండబట్టలేక, తన ఖాళీ గిన్నె ఎత్తి అటూ ఇటూ ఆడించి చూపించాడు. మామ అట్లాగే ఆడించాడు. కాఫీ ఆగింది. గదిలో చిన్నగా నవ్వులు.

అప్పుడు మామ లేచి నిలబడి తెలుగులోనే మొదలుపెట్టాడు. "అవ్వ నీళ్లు మూసింది నేను. గండి అనుకున్న." నేను నా సంత అరబ్బీలో, నీళ్ళు, మూయడం, ఇతను అని మూడు మాటలు పేర్చాను. ఎవరికీ అర్థం కాలేదు. నన్ను పక్కకు జరిపి మామ లుంగీ ఎగ్గట్టాడు. నిండు సభలో వంగి లేని బండను దొర్లించాడు. లేని మట్టలు కుక్కాడు. చాప మీద కాళ్ళతో ధబధబా తొక్కాడు. తొక్కి, నుదుటి చెమట తుడుచుకొని, పని అయిందన్నట్టు నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. తర్వాత వేలు తన గుండెకు గుచ్చుకొని తల దించాడు.

మసీదు వైపు ఎక్కడో గాడిద ఒకటి అరిచింది. మొదట నవ్వింది మా నీరటి. గడ్డం కదిలేలా నవ్వాడు. గుమ్మం బయట ఆడవాళ్ళతో కూర్చున్న అవ్వ ఏమైందని గట్టిగా అడిగింది. ఎవరో చెప్పారు.

"విన్నావా?" అన్నాడు మరిది లోపలి నుంచి.

"విన్నాను. ఈ రోజుకు నువ్వు దొంగవు కాదు. గోడ సంగతి వేరే," అన్నది అవ్వ.

మీ ఊళ్ళో కూడా నీళ్ళు పంచుకుంటారా అని నీరటి మామను అడిగాడు. అది మామ వాళ్ళింటి పనేనని నేను చెప్పాను. ఆయన మామ అరచేతులు తన చేతుల్లోకి తీసుకొని తిప్పి చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, తీర్పు వెంటనే చెప్పాడు. నీళ్ళు తాగింది మరిది తోట. తాగిన తోట తన వంతులోంచి తిరిగి ఇవ్వాలి, అది అక్కడి పద్ధతి. మరిది తల ఊపాడు. కానీ అతని వంతు రావడానికి ఇంకా రోజులున్నాయి. పిలకలు అప్పటిదాకా ఆగుతాయా? వంతు కాని వేళ కాలువలోంచి కుండ ముంచి తోటకు పోయడం కుదరదు. తాగడానికి, వంటకు, ఒంటికి మాత్రమే ముంచుకోవచ్చు.

"మా డ్రమ్ములు?" అన్నాడు మామ. "మా తానాల నీళ్లు పోస్తం అవ్వ పిలకలకు. అడుగురా."

అడిగాను. ఆ నీళ్ళు మీకిచ్చినవి, మీ ఒంటి మీద పోసుకుంటారో చెట్టు మీద పోస్తారో మీ ఇష్టం అన్నాడు నీరటి.

అది విని క్యాంపులో పుట్టిన గోల నేను రాయను, రాస్తే ఇది అచ్చు కాదు. ఎండాకాలం. కంకర దుమ్ము, తారు పొగ. అందులో స్నానం మానమంటే ఎవడు ఒప్పుకుంటాడు?

"కాకా, నువ్వు పూడ్చిన గండికి మేం కంపు కొట్టాల్నా?"

"తానం లేకుంట దేవుని పటం కాడ దీపం ఎట్ల వెట్టాలె?"

"దేవుడు ముక్కు మూసుకుంటడు తియ్యి. నీ పక్కల పండేటోని గురించి ఆలోచించు."

తిట్టుకుంటూనే ఒప్పుకున్నారు. రైతు బిడ్డలు. ఎండుతున్న మొక్క పేరు చెబితే ఎంతసేపు కాదంటారు? ముంజేతులు, మొహాలు కడుక్కొని సరిపెట్టుకునేవాళ్ళు. మామ ఒక చెక్కకు రెండు వైపులా నెయ్యి డబ్బాలు వేలాడదీసి కావడి కట్టాడు. ఆ పల్లె వాళ్ళు నీళ్ళు నెత్తి మీదో, గాడిద మీదో మోస్తారు గానీ కావడి చూసినట్టు లేరు. డ్యూటీ దిగి మామ భుజం మీద కావడి ఊపుకుంటూ పరుగు లాంటి నడకతో పోతుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్ళు. అవ్వ తోటలో నిలబడి ఎంత పొయ్యాలో, ఎక్కడ పొయ్యాలో వేలితో శాసించేది. మొదలుకు తగిలేట్టు పోస్తే అరిచేది. మామకు ఆమె మాట ఒక్క ముక్క రాదు. ఆమెకు ఈయన మాట రాదు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు గంటసేపు పోట్లాడుకునేవాళ్ళు.

ఫోర్‌మన్ మాత్రం తను అన్న మాట మరిచిపోలేదు. చెప్పొద్దంటే మామ చెప్పాడు కదా, క్యాంపులో తన మాటకు విలువేముంటుంది? రేషను బండి వస్తున్నదనగా, సామాను కట్టుకో అని మామకు చెప్పాడు. మామ బట్టలు మడత పెట్టుకున్నాడు. బావి గురించి ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

బండి వచ్చిన పొద్దున మా నీరటి బెత్తం ఊపుకుంటూ క్యాంపులోకి వచ్చాడు. మామ సంచీ వంక చూశాడు. ఫోర్‌మన్‌కు అరబ్బీ బాగా వచ్చు. నేను పక్కనే ఉన్నాను.

"ఇతను ఎక్కడికి?"

"ఇంటికి పంపుతున్నాను. మీకు నష్టం చేశాడు కదా," అన్నాడు ఫోర్‌మన్, తను న్యాయం చేస్తున్నట్టు.

"ఎట్లా పోతాడు? మా ఊరి నీళ్ళు ఇతని మీద ఉన్నాయి. అవి తిరిగి చేరేదాకా ఊరు దాటకూడదు."

"నీళ్ళే కదా? ఇబ్రి నుంచి ఒక టాంకర్ తెప్పించి ఇస్తాను."

"బాకీ పడింది టాంకర్ కాదు, ఇతను," అన్నాడు పెద్దాయన. మా డ్రమ్ముల వైపు నెమ్మదిగా చూసి, నీళ్ళు సరిపోతున్నాయా, ఇబ్బందేమీ లేదు కదా అని కూడా చాలా మర్యాదగా అడిగాడు. ఫోర్‌మన్‌కు ఆ మర్యాద బాగానే అర్థమైంది. రేషను బండి ఉల్లిగడ్డలు దించి ఖాళీగా వెళ్ళిపోయింది.

మరిది వంతు వచ్చింది. ఊరంతా చూడటానికి వచ్చింది. అతను అవ్వ వాకిలి అడ్డుబండ తీసి అవ్వ తోటలోకి నీళ్ళు వదిలాడు. పైన కొయ్య నీడ బాకీ తీరే రాయిని దాటింది. అతను చూడనట్టు కొండల వైపు తిరిగి, బురైమిలో ఖర్జూరానికి మంచి ధర పలుకుతుందట, రోడ్డు పడితే తీసుకుపోవచ్చట అని ఎవరితోనో చెబుతూ నిలబడ్డాడు. అవ్వ కూడా నీడను చూడలేదు. నీళ్ళు ఇంకాసేపు పారాయి. సాయంత్రం ఆమె ఇంటి నుంచి మరిది ఇంటికి ఒక గిన్నె పెరుగు పోయిందని విన్నాం. గోడ మాత్రం అట్లాగే ఉంది.

మర్నాడే ఫోర్‌మన్ నీరటి దగ్గరికి పోయాడు. లెక్క తీరింది కదా, ఇక పంపవచ్చా?

"నీళ్ళు చేరాయి. పిలకలు బతికాయో లేదో ఆమె చెప్పాలి," అన్నాడు నీరటి.

అవ్వను అడిగితే, మొవ్వు విచ్చుకోలేదు అన్నది. పిలక నడుమ నుంచి లేత ఆకు బయటికి వస్తేనే వేరు పట్టినట్టు. ఇంకోసారి అడిగించాడు. ఇంకా లేదన్నది. మొవ్వు వచ్చేదాకా అని మామ కావడి దించలేదు, మాకు స్నానాలూ లేవు. రోడ్డు నడుస్తూనే ఉంది. పల్లె ముందు కంకర పరిచారు, రోలరు తిరిగింది. ఒకనాడు నొప్పులు పడుతున్న ఒక పిల్లను మా పికప్ బండి ఇబ్రి ఆసుపత్రికి తీసుకుపోయి, పొద్దు గూకకముందే తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ తెచ్చింది. గాడిద మీద అయితే ఆ రోజుకు ఇబ్రి కోట కూడా కనిపించి ఉండేది కాదు. ఆ తర్వాత పల్లె వాళ్ళు రోలరు డ్రైవరుకు కూడా కాఫీ తెచ్చివ్వడం మొదలుపెట్టారు. గిన్నె ఎట్లా ఆడించాలో మామ అందరికీ నేర్పాడు.

చివరికి ఫోర్‌మనే తోటకు వచ్చాడు. మామ, నేను, నీరటి, అవ్వ ఉన్నాం. గోడ అవతల నుంచి మరిది తల కనిపిస్తున్నది. అన్ని పిలకల్లోనూ నడుమ నుంచి లేత మొవ్వు జానెడు పైకి వచ్చి, ఎండలో చిలకాకుపచ్చగా మెరుస్తున్నది. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

"ఇదేమిటి?" అన్నాడు ఫోర్‌మన్ వేలు చూపించి.

"ఏది?" అన్నది అవ్వ.

"ఈ కొత్త ఆకు."

"అదా? అది పాతది. నాటినప్పుడే ఉంది."

ఏ మాట ఎట్లా తెలిసిందో గానీ మామకు అర్థమైంది. అబద్ధం ఆయనకు పడదు. "అవ్వా, అది కొత్త..." అని నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. ఆయన అబ్బా అని వంగాడు.

ఫోర్‌మన్ నా కాలు చూశాడు, మామ మొహం చూశాడు. నీరటి ఆకాశంలో పొద్దు ఎంత ఎక్కిందో చూస్తున్నాడు. గోడ మీది తల చటుక్కున కిందికి దిగింది. ఫోర్‌మన్ ఆ మొవ్వును రెండు వేళ్ళతో ఒకసారి నిమిరి వదిలాడు. మీసాల కింద నవ్వు దాచుకోవడం ఆయన చేత కాలేదు.

"పురానా హీ లగ్తా హై," అన్నాడు. పాతదే అయి ఉంటుంది. మామ వైపు తిరిగి, "కల్ డ్యూటీ మే టైమ్ పే ఆనా," అంటే రేపు డ్యూటీకి వేళకు రా అని గద్దించి, జీపు వైపు నడిచాడు.

మామ ఇంకా కాలు రుద్దుకుంటున్నాడు. "అది కొత్త మొవ్వేరా అల్లుడా. నాకు ఎరుకలేదా? నిన్నగాక మొన్న విచ్చుకుంది."

"ఎరుకే మామా. నడువు. ఇగ మనం తానం చేయచ్చు."

ఆ మాటకు ఆయన ముందు నడిచాడు.